సైకిలు కారెక్కిన వైనం

రోడ్లు ప్రమాదకరంగా ఉండాలి. ఇప్పుడున్న దానికంటే ఇంకాస్త ప్రమాదకరంగా ఉండాలి. సైకిలు తొక్కేవాళ్ళ మేలు కోరే ప్రతివాడూ ముందుగా కోరాల్సింది ఇదే!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. కాస్త హడావిడిగా కూడా చెబుతున్నాను, ఎందుకంటే బయట గేటు దగ్గర ఎవరో సైకిలు బెల్లు మోగిస్తున్నారు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు విషయంలోకి వస్తాను.

రోడ్లు భద్రంగా ఉన్నచోట ఏమవుతుంది? లేచినవాడు లేచినట్టు సైకిలెక్కి పనికి వెళ్ళిపోతాడు. అంతే. అందులో ప్లానింగ్ ఏముంది? మనిషికీ సైకిలుకీ మధ్య నాలుగు మాటలు కలిసే అవకాశం ఎక్కడుంది? అదే మా కాలనీకి వచ్చి చూడండి. మేము సైకిలుని ఎత్తుకుంటాం, దించుతాం, కడతాం, విప్పుతాం, దుప్పటి కప్పుతాం, కారెక్కించి ఊరేగిస్తాం. తొక్కడమంటారా, వీలు చిక్కినప్పుడు అదీ చేస్తాం.

మా కాలనీ గేటు నుంచి వంతెన అవతలి దాకా ఒక పెద్ద రోడ్డుంది. అంచున జానెడు జాగా లేదు. లారీలూ కార్లూ ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ పోతుంటాయి. వంతెన దాటామా, ఇక స్వర్గమే. కాలవ గట్టు మీద చెట్ల నీడలో మెత్తటి దారి, అటు స్కూలు మీదుగా బజారు దాకా పోతుంది. అక్కడ సైకిలు తొక్కుతుంటే ప్రాణం లేచొస్తుంది. చిక్కల్లా ఒక్కటే. ప్రాణం లేచి రావాలంటే ముందు ఆ రోడ్డు మీద అది పోకుండా ఉండాలి.

ఈ చిక్కుముడి విప్పిన మహానుభావుడు మా బావమరిది. మా ఆవిడకి తమ్ముడు, మాకు పక్కిల్లు, చేసేది కళ్ళజోళ్ళ పని. బజారులో చిన్న షాపుంది. ముందు గదిలో గోడ మీద పెద్ద అక్షరాలతో మొదలై చీమల బారులోకి దిగే చార్టు, వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను. పొద్దస్తమానం ఆ మిషను ముందు కూర్చోవడంతో అతని పొట్ట ముందుకీ బీపీ పైకీ వెళ్ళాయి. సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. ఏ రోడ్డు మీద తొక్కాలో చెప్పలేదు. డాక్టర్లు అలాంటి చిన్న చిన్న వివరాల్లోకి వెళ్ళరు.

మొదటి రోజు కొత్త హెల్మెట్టు పెట్టుకుని, చుట్టుపక్కల వాళ్ళందరికీ చెయ్యూపి, గేటు దాటాడు. పక్కనుంచి ఒక లారీ వెళ్ళింది. ఎంత వేగంగా వెళ్ళాడో అంత వేగంగా వెనక్కి వచ్చాడు.

"బావా, ఆ లారీ ఆయన నన్ను చూడనే లేదు" అన్నాడు, గోడకి చేరగిలబడి.

"మంచి బేరం. ఆయనకో కళ్ళజోడు అమ్ము" అన్నాను. ఊరికే అన్నమాట, కానీ గుర్తుంచుకోండి.

మర్నాడు తెల్లవారేసరికి కారు వెనక ఇనప క్యారియర్ బిగించి, దాని మీద సైకిలెక్కించి సిద్ధంగా ఉన్నాడు మావాడు. ఆ రోడ్డంతా కారులో దాటడం, వంతెన అవతల టైర్ల షాపు ఖాళీ జాగాలో కారు పెట్టడం, సైకిలు దింపుకుని గట్టు మీద షాపుకి వెళ్ళడం. సాయంత్రం ఇదే తిరగేసి. సైకిలు తొక్కడానికి కారు కావాలని కనిపెట్టిన మొదటి మనిషిని కళ్ళారా చూశాను. నా కళ్ళు చెమర్చాయి.

ఇందులో ఉన్న వ్యాయామం మామూలు సైకిలువాళ్ళకి కలలో కూడా దొరకదు. సైకిలుని భుజం దాకా లేపాలి. పెడల్ తగిలి కారు రంగు పోకుండా మధ్యలో పాత దుప్పటి దోపాలి. పట్టీలు బిగించాలి. ఒక పట్టీ బిగిస్తే ఇంకోటి వదులవుతుంది. ఆ చివర పట్టుకోవడానికి మా చెల్లెమ్మ, అంటే అతని భార్య, చేతిలో పని వదిలేసి పరుగెత్తుకు రావాలి.

"ఏమండీ, ఇంత సేపట్లో నడిచి వెళ్ళిపోవచ్చు కదా" అని ఒకరోజు అడిగింది పాపం.

"ఆ రోడ్డు మీదా? నడకా? నేనంటే నీకెందుకే ఇంత కోపం?" అన్నాడతను.

ఇక హెల్మెట్టు. కారులో దాన్ని ఎక్కడ పెట్టినా దొర్లిపోతోందని నెత్తిన పెట్టుకునే కారు నడిపేవాడు. సిగ్నల్ దగ్గర పక్క కార్లవాళ్ళు ఇతని డ్రైవింగ్ మీద ఇతనికే అంత అనుమానమా అని రెండడుగులు దూరం జరిగేవారు. చూశారా, భద్రత దానంతటదే వస్తుంది.

మంచి అలవాటు అంటుకోక మానుతుందా! ముందు రిటైరైన బ్యాంకాయన క్యారియర్ కొన్నాడు. తర్వాత సంగీతం టీచరమ్మ. తర్వాత నర్సమ్మ. దాపరికం దేనికి, నేనూ కొన్నాను. మా ఆవిడ కూడా నాతోపాటు తొక్కుతానని ముచ్చటపడి ఒక సైకిలు కొనిపించుకుంది. అంతకుముందు బస్సులో వెళ్ళే నర్సమ్మలాంటి వాళ్ళు కూడా సైకిలు మోజులో పడి కారెక్కారు. దాంతో రోడ్డు మీద కార్లు ఎక్కువయ్యాయి. రోడ్డు మరింత భయంకరంగా తయారైంది. అంత భయంకరమైన రోడ్డు మీద సైకిలు తొక్కలేం కాబట్టి మిగిలినవాళ్ళూ సైకిళ్ళని కారెక్కించారు. ఇంత చక్కగా తనని తాను పెంచి పోషించుకునే ఏర్పాటు ప్రపంచంలో ఇంకోటి ఉంటే చూపించండి!

మనుషుల మధ్య ఆప్యాయతలు కూడా పెరిగాయి. టైర్ల షాపు జాగాలో పొద్దున్నే మా మర్యాదలు చూడాలి. "మీరు ముందు దింపుకోండి." "అబ్బే, మీరు కానివ్వండి." ఒకరి పట్టీ ఇంకొకరు విప్పిపెడతాం. అయిదు నిమిషాల ముందు రోడ్డు మీద ఒకరి కారుకి ఇంకొకరు అడ్డం పెట్టి పళ్ళు నూరుకున్నది వీళ్ళేనా అనిపిస్తుంది.

బెల్లు మళ్ళీ మోగింది. మోగనివ్వండి.

ఇప్పుడు మా బావమరిది కూతురి సంగతి చెప్పాలి. పదో తరగతి చదువుతోంది. నన్ను మామయ్యా అని పిలుస్తుంది, నా వ్యాసాలు చదివి "ఇందులో నవ్వాల్సిందెక్కడ?" అని అడుగుతుంది. అలాంటి పిల్ల. దానికీ ఒక సైకిలుంది, ముందు బుట్టతో, ఊరంతా వినపడే బెల్లుతో. కాకపోతే కాలనీ గేటు దాటకూడదని వాళ్ళ నాన్న ఆజ్ఞ. అందుకని కాలనీలోనే తిరుగుతుంది. ఎంతగా తిరిగిందంటే, మా వీధి కుక్కలు మొదట్లో వెంటపడేవి, తర్వాత తల మాత్రం ఎత్తేవి, ఇప్పుడు కళ్ళు కూడా తెరవడం లేదు.

దాని కోరికల్లా స్కూలుకి సైకిలు మీద వెళ్ళాలని. స్కూలు వంతెన అవతల గట్టు మీదే. వ్యానులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, కిటికీలోంచి ఆ గట్టు చూసుకుంటూ వెళ్తుంది.

"ఆ రోడ్డు బాగుపడిన రోజున వెళ్దువుగాని" అంటాడు వాళ్ళ నాన్న.

ఆ పిల్లంటే అతనికి ప్రాణం. రోడ్డు మీద సైరన్ వినపడితే చాలు, పిల్ల ఇంట్లోనే ఉందని తెలిసినా లేచి వెళ్ళి చూసొస్తాడు. అది నిజమైన భయం. దాన్ని మాత్రం నేను వెక్కిరించను.

రోడ్డు బాగుచెయ్యమని కాలనీ తరఫున ఇంజినీరు గారిని అడిగాం. అంచున సైకిళ్ళకి వేరే దారి వేస్తే చాలన్నాం. ఆయన వెంటనే కదిలాడు. ఎంత సైకిలు రద్దీ ఉందో తేల్చడానికి వంతెన దగ్గర గొడుగు కింద ఒక లెక్కలాయన్ని కూర్చోబెట్టాడు. లెక్కలాయన చేతిలో ఒక చిన్న పెట్టె. లారీకో మీట, కారుకో మీట, మోటారు బండికో మీట, సైకిలుకో మీట. వాహనం వెళ్తే దాని మీట నొక్కాలి.

కొన్నాళ్ళకి ఇంజినీరు గారు కాలనీ మీటింగు హాలుకి వచ్చి ఫలితం చెప్పాడు. "మీ రోడ్డు మీద ఒక్క సైకిలూ లేదండీ."

"కార్ల వెనక ఉన్నాయి కదా" అన్నాడు మా బావమరిది.

"అది సామాను కింద లెక్క" అన్నాడాయన. "కార్లు మాత్రం బాగా పెరిగాయి. అంచులు కూడా కలిపేసి కార్లకోసం రోడ్డు వెడల్పు చేస్తాం."

అందరం చప్పట్లు కొట్టాం. వెనక బల్ల మీంచి మా పిల్ల లేచింది.

"సైకిలు దారి వేస్తే కదండీ సైకిళ్ళు వచ్చేది?"

"సైకిళ్ళు వస్తే కదమ్మా దారి వేసేది" అన్నాడు ఇంజినీరు గారు. ఎంత లోతైన మాట! అయినా పెద్దమనసుతో, ఇంకో వారం లెక్కిస్తామని, అదే ఆఖరని చెప్పి వెళ్ళాడు. రోడ్డు వెడల్పయితే ఇక అంచనేదే ఉండదు. ఆ పిల్ల జన్మలో గేటు దాటదు.

సరిగ్గా ఆ వారంలోనే మా బావమరిది కొంప మునిగింది.

సాయంత్రం కుండపోతగా వాన. గట్టంతా బురద. షాపుకొచ్చిన కస్టమరొకాయన, కారులో ఇంటి దగ్గర దింపుతాను రమ్మన్నాడు. మావాడు సంతోషంగా ఎక్కాడు. టైర్ల షాపు ముందు నుంచి పోతూ, వానలో తడుస్తున్న ఒక కారుని చూసి, "అచ్చం నా కారులాగే ఉందే" అనుకున్నాడు కూడా. నలుగురికీ చూపు సరిచేసే మనిషి!

పొద్దున హెల్మెట్టు పెట్టుకుని వాకిట్లోకి వచ్చాక తెలిసింది. సైకిలు షాపులో ఉంది. కారు టైర్ల షాపు దగ్గర ఉంది. తను ఇంట్లో ఉన్నాడు. చిన్నప్పుడు పులినీ మేకనీ గడ్డిమోపునీ ఏరు దాటించే లెక్క చేశాం గుర్తుందా? అందులో కనీసం పడవ ఇటువైపే ఉంటుంది.

ఇంతలో ఫోను. "సార్, కళ్ళజోడుకోసం షాపు ముందు నిలబడ్డానండి. పాతది పగిలినప్పట్నించీ అలవాటు మీద తోలుతున్నా. మీరొస్తే పెట్టుకుని ఎక్కుతా, లేకపోతే ఇలాగే ఎక్కేస్తా."

లారీ డ్రైవరు! లారీ తోలేది ఆ రోడ్డు మీదే!

మావాడు జేబులు తడుముకున్నాడు. షాపు తాళం తన జేబులోనే ఉంది. బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. టాక్సీకి ఫోన్ చేస్తే, రోడ్డు పేరు వినగానే అవతలివాడు పెట్టేశాడు. మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. "మీ బావ స్నానానికి వెళ్ళార్రా. ఇప్పట్లో రారు" అంది వాళ్ళక్క, ఎంతో అనుభవంతో.

"నాన్నా, నా సైకిలు తీసుకెళ్ళు" అంది కూతురు.

అతను ఆ బుట్ట సైకిలుకేసి చూశాడు. రోడ్డుకేసి చూశాడు. కళ్ళజోడు లేని లారీని తలుచుకున్నాడు. ఎక్కాడు. మోకాళ్ళు హ్యాండిలుకి కొట్టుకుంటుంటే, గేటు దాటి, కుడివైపు చూడకుండా దేవుడి మీద భారం వేసి తొక్కాడు.

కారులో కూర్చున్నప్పుడు ఆ రోడ్డు ఇరుకుగా ఉండేది. సైకిలు మీద అసలు లేనే లేదు. ముందుగా బ్యాంకాయన కారు పక్కనుంచి వెళ్ళింది. దాని వెనక కట్టిన సైకిలు హ్యాండిలు మావాడి మోచేతిని రాసుకుంటూ పోయింది. ఆ హ్యాండిలుకి మొన్ననే రబ్బరు తొడుగు ఎక్కించి ఇచ్చింది ఇతనే. తర్వాత సంగీతం టీచరమ్మ కారు, శ్రుతి తప్పిన హారనుతో. ఇంకెవరో అద్దం దించి, "సైకిలు తొక్కడానికి ఇదా చోటు? ఇంట్లో చెప్పే వచ్చావా?" అన్నారు. ఆ కారు మీద రెండు సైకిళ్ళున్నాయి. ఆ తర్వాత ఒక కారు సరిగ్గా వెనక్కి వచ్చి, తలస్నానం చేసిన తాజాదనంతో, వంతెన దాకా ఆపకుండా హారన్ కొట్టింది. ఆ కారు ఎవరిదన్నది ఇక్కడ అప్రస్తుతం.

వంతెన దగ్గర గొడుగు కింద లెక్కలాయన ఇతన్ని చూసి లేచి నిలబడ్డాడు. పెట్టె తీసి సైకిలు మీట నొక్కాడు. కదల్లేదు. వాడక బిగుసుకుపోయింది. రెండు బొటనవేళ్ళతో నొక్కాడు.

"సార్, కాస్త వెనక్కెళ్ళి ఇంకోసారి వస్తారా?" అన్నాడు.

"ఒకసారి బతికొచ్చాను, అది చాలదా?" అన్నాడు మావాడు, రొప్పుతూ. ఇద్దరూ కలిసి నొక్కితే మీట టక్కుమంది.

"పడింది కానీ, ఆశ పెట్టుకోకండి" అన్నాడు లెక్కలాయన. "ఒకటుంటే పొరపాటున నొక్కాడంటారు. రెండుంటే ఎవరో దారి తప్పారంటారు. ఒక్కరోజులో పది పడితే అప్పుడు కాస్త ఆలోచిస్తారు."

షాపు దగ్గర లారీ డ్రైవరు కొత్త కళ్ళజోడు పెట్టుకుని వీధంతా కలియజూశాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి, మనిషి ఒక్కడూ సైకిళ్ళు రెండూ ఎలా వెళ్తాయని, రెంటినీ లారీ మీదికి ఎత్తాడు.

"కార్ల వెనక వీళ్ళంతా ఇనప గేట్లు కట్టుకుని ఎక్కడికి పోతున్నారా అనుకునేవాణ్ణి సార్. అవి సైకిళ్ళని ఇవాళ తెలిసింది" అన్నాడు. ఇంటి దాకా దింపుతానన్నాడు. ఈసారి మావాడు తెలివిగా టైర్ల షాపు దగ్గరే దిగి, రెండు సైకిళ్ళనీ కారెక్కించి ఇల్లు చేరాడు.

"ఎలా ఉంది నాన్నా?" అని అడిగింది కూతురు.

అతను చెంబుడు మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు. "భయమేసిందమ్మా. లారీలకి కాదు. అవి తప్పుకునే పోయాయి. మనవాళ్ళని చూస్తే భయమేసింది. అందరూ తెలిసినవాళ్ళే. రోజూ నేనూ అలాగే నడుపుతున్నాను కాబోలు."

ఆ పిల్ల చెంబు తీసుకెళ్ళి లోపల పెట్టొచ్చింది. తర్వాత, "పది పడితే పొరపాటు కాదని లెక్కలాయన అన్నాడన్నావుగా. నువ్వొకడివి, నేనొకదాన్ని" అంది.

వద్దన్నాడు. భోజనానికి ముందు వద్దన్నాడు, భోజనమయ్యాక వద్దన్నాడు. నిన్న పొద్దున చూస్తే, వాకిట్లో గొంతుక్కూర్చుని దాని సైకిలుకి తనే గాలి కొడుతున్నాడు.

"నా వెనకాలే రా" అన్నాడు గేటు దగ్గర. రెండడుగులు వేసి ఆగాడు. "వద్దు, నువ్వే ముందు వెళ్ళు. నాకు కనపడుతూ ఉండాలి."

వాళ్ళు కనపడినంత సేపూ మా చెల్లెమ్మ గేటు పట్టుకుని నిలబడింది. పిల్ల స్కూలు చేరినట్టు ఫోనొచ్చేదాకా మా ఇంట్లో కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ చల్లార్చింది.

ఇక జరిగిన నష్టం వినండి. ముందు పిల్ల, దానికి అడ్డుగా వెనక తండ్రి, ఆ వెనక మా కార్లన్నీ నత్తనడక. తెలిసిన పిల్ల కదా, ఎవరికీ హారన్ కొట్టడానికి చెయ్యి రాలేదు. కార్లు నెమ్మదించడంతో రోడ్డు ప్రమాదకరంగా ఉండటం మానేసింది! సాయంత్రం నర్సమ్మ కారు టైర్ల షాపు దగ్గరే వదిలేసి, సైకిలు మీద వాళ్ళతో కలిసి ఇంటికి వచ్చేసింది. అంటువ్యాధి ఇలాగే మొదలవుతుంది.

ఇది ఇంకొంచెం పాకితే మా గతేంకాను? ఈ క్యారియర్లు ఏం చేసుకోవాలి? దుప్పట్లు ఎవరికి కప్పాలి? టైర్ల షాపు దగ్గర పలకరింపులు ఏమైపోవాలి? సైకిలుని ఉత్తినే తొక్కుకుంటూ వెళ్ళిపోవడానికా మేమింత కష్టపడింది? అందుకని పాఠకులారా, రోడ్లని ప్రమాదకరంగానే ఉంచండి. ఎవరైనా కిందికి దిగి తొక్కుదాం రమ్మంటే తలుపు తియ్యకండి.

బెల్లు ఆగడం లేదు. కిటికీలోంచి చూశాను. మా పిల్లే. ఇవాళ లెక్కకి ఆఖరి రోజు. దాని వెనక వాళ్ళ నాన్న, అరువు సైకిలుతో వాళ్ళమ్మ, నర్సమ్మ, బ్యాంకాయన, సంగీతం టీచరమ్మ, రెండు సైకిళ్ళ కారాయనా ఆయన కొడుకూ. అందరి కాళ్ళూ నేల మీద, చేతులు హ్యాండిలు మీద. తొమ్మిదో సైకిలు మా ఆవిడది. ఎప్పుడు దింపుకుందో నాకు తెలియదు.

"మామయ్యా, మీ సైకిలు దింపనా?" అని ఆ పిల్ల ఇందాకట్నుంచి అడుగుతోంది. జవాబు చెప్పకుండా తప్పించుకుందామనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. వ్యాసం అయిపోయింది. అది ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది.